పాత ఇంట్లో బస: ఆ గోడల గురించి ఒక మాట

అతిథులకు గదులు అద్దెకిచ్చే ఒక పాత ఇంటికి నాలుగేళ్లలో ఆరుసార్లు వెళ్లాం. అన్నీ కలిపితే 20 రాత్రుల పైమాటే. అందుకే వ్యూ, పచ్చదనం, పక్షుల గురించి చెప్పను, అవి ఫొటోల్లో ఉన్నట్టే ఉంటాయి. నా గొడవంతా ఆ గోడలతోనే.

తాతల నాటి మట్టిగోడలు, అడుగుకు పైనే మందం. కిటికీ గూట్లో చిన్నపిల్లలు ఎక్కి కూర్చుంటారు. మొదటిసారి ఎండన పడి వెళ్లి గదిలో అడుగుపెడితే నీళ్లకుండకు ఒళ్లు ఆనించినట్టు హాయిగా అనిపించింది. మధ్యాహ్నమంతా ఏసీ వేయలేదు. తిరిగొచ్చాక కనబడినవాళ్లందరికీ ‘ఆ ఇంటికి ఏసీ అక్కర్లేదు’ అని ఊదరగొట్టాను. అప్పటికి నేను వేసవి రాత్రి అక్కడ పడుకోలేదు.

రెండేళ్ల కిందట మే నెలలో రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. గోడలున్నాయిగా అని టెన్షన్ పడలేదు. అరగంటకల్లా ఒళ్లంతా చెమట. లేచి పడమటి గోడ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది! అంత మందపు మట్టిలోంచి మధ్యాహ్నపు వేడి లోపలికి చేరాలంటే 8, 10 గంటలు పట్టొచ్చట. అంటే సరిగ్గా మనం పడుకునే వేళకి. ఆ వేడి పోవడానికే పూర్వం కిటికీలుండేవి. గెస్ట్ రూములు చేసేటప్పుడు ఏసీ కోసమని వాటికి కదలని అద్దాలు బిగించేశారు.

మా అలికిడికి ఇంటాయన తల్లి లేచి వచ్చారు. ‘ఎండాకాలం ఆ గదిలో మేమే పడుకునేవాళ్లం కాదు బాబూ, వసారాలోకి వచ్చేయండి’ అన్నారు. పరుపులు ఈడ్చుకెళ్లాం. ఆవిడ వీధి తలుపూ పెరటి తలుపూ బార్లా తీసేసరికి ఇల్లంతా గాలి ఆడింది. ఎక్కడా లైటు లేదేమో, కాసేపటికి కళ్లు చీకటికి అలవాటుపడి పాలపుంత కనబడింది. మా అబ్బాయి మబ్బనుకున్నాడు. అక్కడ నేను హాయిగా నిద్రపోయిన రాత్రి అదే, అదీ డబ్బు కట్టని వసారాలో.

తర్వాత చెబితే ఒక కిటికీకి తెరుచుకునే రెక్కలు పెట్టించారు. రెండోది ఇంకా అలాగే ఉంది. వచ్చిన గాలికి పోయే దారి ఉండొద్దూ?

మళ్లీ వెళ్తాం. మేం నేల మీద పడుకోగలం, పిల్లలూ పెద్దవాళ్లయ్యారు. చలికాలమైతే ఆ వెచ్చదనమే బాగుంటుంది కూడా. మా అత్తగారిని మాత్రం ఎండల్లో తీసుకెళ్లను, ఆవిడకు మంచం కావాలి, వసారా నుంచి బాత్‌రూం దూరం. మీరు వెళ్తే తూర్పు గది అడగండి. పడమటిదే ఇస్తామంటే, వసారాలో పరుపు వేస్తారో లేదో ముందే కనుక్కోండి.