రీబిల్డ్ చేసిన పాత చిన్న కారులో మైలేజ్: ఏ పనికి ఎంత ఫలితం దక్కింది

1.3 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, తొలితరం మల్టీపాయింట్ ఇంజెక్షన్ (ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్), ఐదు గేర్ల మాన్యువల్. రీబోర్ (అరిగిన సిలిండర్లను కొద్దిగా పెద్దగా తొలచడం), కొత్త పిస్టన్లు, రింగులు, వాల్వుల పని అయ్యాక చాలాకాలం నడిపి చూసి చెబుతున్న మాటలివి. రీబిల్డ్‌తో ఊపు తిరిగి వస్తుంది, ఆయిల్ తాగడం ఆగుతుంది. మైలేజ్ మాత్రం దానంతటది రాదు. ఇంజిన్ లోపల అంతా కొత్తదే అయినా బయట మళ్లీ బిగించిన థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు వెళ్లనివ్వని వాల్వు), సెన్సార్లు, పెట్రోలు ఒత్తిడిని సర్దే రెగ్యులేటర్, బ్రేకులు పాతవే. పెట్రోలు ఎక్కువగా వృథా అయ్యేది వాటి దగ్గరే.

కొలత సరిగా లేకపోతే మిగతాదంతా ఊహే. పెట్రోలు నింపేటప్పుడు పంపు మొదటిసారి తానుగా ఆగగానే ఆపాలి, ప్రతిసారీ అలాగే నింపాలి, కనీసం మూడు నాలుగు ట్యాంకుల సగటు తీసుకోవాలి. టైరు సైజు మారిందేమో కూడా చూసుకోవాలి. 155/80 ఆర్13 తీసేసి 165/65 ఆర్13 వేస్తే టైరు వ్యాసం 578 మి.మీ. నుంచి 545కు పడిపోతుంది. ఓడోమీటర్ సుమారు 6 శాతం ఎక్కువ దూరం చూపిస్తుంది. కాగితం మీద మైలేజ్ పెరుగుతుంది, నిజానికి అదే వేగానికి ఇంజిన్ 6 శాతం ఎక్కువ తిరుగుతుంటుంది.

మైలేజ్‌కు అన్నిటికంటే ఎక్కువ కలిసొచ్చింది థర్మోస్టాట్. వేడెక్కకుండా ఉంటుందని దాన్ని తీసేసి బిగించే అలవాటు కొందరు మెకానిక్‌లకు ఉంది. ఇంజిన్ 80 డిగ్రీలు దాటకపోతే ఈసీయూ (పెట్రోలు ఎంత పోయాలో నిర్ణయించే కంప్యూటర్) ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది కాబట్టి కొత్త రింగులు కూడా త్వరగా అరుగుతాయి. పరీక్ష తేలిక: చల్లని ఇంజిన్ స్టార్ట్ చేశాక రేడియేటర్ పై పైపు కొంతసేపు చల్లగానే ఉండి, థర్మోస్టాట్ తెరుచుకోగానే ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నుంచే మెల్లగా వేడెక్కుతుంటే అది తెరుచుకునే ఉండిపోయిందన్నమాట. పక్కనే ఉండే కూలెంట్ టెంపరేచర్ సెన్సార్‌నూ మల్టీమీటర్‌తో చూడాలి. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలోఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర 300 ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. వేడిలో కూడా నిరోధం ఎక్కువగా చూపిస్తే ఈసీయూకు తప్పుడు కబురు అందుతున్నట్టే.

తర్వాతది ఆక్సిజన్ సెన్సార్, ఎగ్జాస్ట్ పొగలోని ఆక్సిజన్‌ను చూసి ఈసీయూకు చెప్పేది. రీబిల్డ్‌కు ముందు ఆయిల్ తాగిన ఇంజిన్ మీద ఉన్న సెన్సార్‌ను తిరిగి వాడటం దండగ. ఆయిల్‌లోని ఫాస్ఫరస్ దాని మీద పేరుకుని మొద్దుబారిపోతుంది. మామూలు సిలికాన్ సీలెంట్‌తో గాస్కెట్లు అతికించినా అదే గతి, సెన్సార్‌కు హాని చేయదని డబ్బా మీద రాసి ఉన్నదే వాడాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక 2,500 ఆర్‌పీఎం దగ్గర మంచి సెన్సార్ 0.1, 0.9 వోల్టుల మధ్య చురుగ్గా ఊగుతుంది. బద్ధకంగా కదిలినా, ఒకచోటే నిలిచినా మార్చాల్సిందే. అయితే మార్చే ముందు ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ గాస్కెట్ చూడండి. సెన్సార్‌కు ముందు సన్నని లీకు ఉన్నా బయటి గాలి లోపలికి లాక్కుంటుంది, సెన్సార్ మిశ్రమం పలచగా (పెట్రోలు తక్కువగా) ఉందంటుంది, ఈసీయూ మరింత పెట్రోలు పోస్తుంది. కొత్త సెన్సార్ వేసినా మైలేజ్ కదలని కార్లలో ఇది తరచూ బయటపడుతుంది.

ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కు ఒక్క నిమిషం చాలు. ఇంజిన్ నడుస్తుండగా దాని వాక్యూమ్ పైపు పీకి చూడాలి, లోపల పెట్రోలు తడి ఉంటే డయాఫ్రం (లోపలి పలచటి పొర) చిరిగింది. గేజ్ ఉంటే, ఈ తరహా ఇంజిన్లలో సాధారణంగా పైపు పీకినప్పుడు 3 బార్ దగ్గర, తగిలించినప్పుడు దానికి అర బార్ తక్కువ కనిపిస్తుంది.

హెడ్ ఫేసింగ్ (సిలిండర్ హెడ్ అడుగును చదునుగా చెక్కించడం) చేయించిన ఇంజిన్‌లో క్యామ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే సమయం) కొద్దిగా వెనక్కి జరుగుతుంది. అది చిన్న తేడా. టైమింగ్ బెల్టు ఒక పన్ను తప్పితే మాత్రం కథ వేరు: 20 పళ్ల క్రాంక్ పుల్లీ మీద ఒక పన్ను అంటే 18 డిగ్రీలు. ఐడిల్ (కారు ఆగి ఇంజిన్ మాత్రమే తిరగడం) బాగానే ఉన్నట్టు అనిపించొచ్చు, కారు కూడా నడుస్తుంది, మైలేజ్ మాత్రం పోతుంది. అందుకే బెల్టు వేశాక చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ సరిచూడాలి. డిస్ట్రిబ్యూటర్ ఉన్న కారులో ఇగ్నిషన్‌ను చెవితో సర్దకుండా టైమింగ్ లైట్‌తోనే పెట్టాలి. నాకింగ్ (మంట అదుపు తప్పి ఇంజిన్‌లో వచ్చే టకటక శబ్దం) భయంతో వెనక్కి తిప్పి వదిలేసిన కార్లు చాలానే ఉంటాయి.

రన్నింగ్ ఇన్ (కొత్త భాగాలు ఒకదానికొకటి అమరేదాకా నడపడం) గురించి ఒక మాట. మొదటి 1,000 కి.మీ. ముసలివాళ్లలా మెల్లగా నడపాలనేది పాత సలహా, నాకు నచ్చదు. రింగులను గోడకు నొక్కేది మంట ఒత్తిడే. మూడో గేరులో మధ్యస్థంగా యాక్సిలరేటర్ తొక్కి, వేగం అందుకున్నాక వదిలేయడం, మళ్లీ తొక్కడం, అలా మారుస్తుండాలి. గంటల తరబడి ఐడిల్‌లో ఉంచితే గోడలు నున్నబడి రింగులు కూర్చోవు. ఆ దశ దాటాక కంప్రెషన్ చూడాలి: ఇంజిన్ వేడిగా, ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్, ఇంజెక్షన్ ఆపి, త్రాటిల్ పూర్తిగా తెరిచి. సిలిండర్ల మధ్య తేడా 1 కేజీ/చ.సెం.మీ. దాటకూడదు. తక్కువ వచ్చినదాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూసినప్పుడు పెరిగితే రింగుల లోపం, పెరగకపోతే ఎక్కువగా వాల్వుల లోపం. రన్నింగ్ ఇన్ పూర్తికాకముందు తీసిన మైలేజ్ లెక్కను నమ్మొద్దు.

బ్రేకుల విషయంలో, చక్రం ఎత్తి తిప్పితే తేలిగ్గా తిరగాలి. ముందు క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) జరిగే స్లైడ్ పిన్నులు, వెనక హ్యాండ్‌బ్రేక్ కేబుల్ పట్టేస్తుంటాయి. పిన్నులకు బ్రేకుల సిలికాన్ గ్రీజే రాయాలి, మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

ఆయిల్ విషయంలో బేరింగ్ క్లియరెన్సులు (బేరింగుల్లోని సన్నని ఖాళీలు) కారు పుస్తకంలో చెప్పినట్టే ఉంటే చిక్కటి 20డబ్ల్యూ-50 అక్కర్లేదు, పుస్తకం అనుమతిస్తే పలచటి 10డబ్ల్యూ-30 చాలు. తేడా ఎక్కువగా చల్లని స్టార్ట్‌లలో, చిన్న చిన్న దూరాల్లో తెలుస్తుంది. ఎయిర్ ఫిల్టర్ మురికి ఇంజెక్షన్ కారులో ఊపునే తగ్గిస్తుంది, మైలేజ్‌ను అంతగా కాదు. కార్బురేటర్ కారులోనైతే మైలేజ్ కూడా పడుతుంది. పెట్రోల్ పైపుకు తగిలించే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రలు కొలతలో ఏమీ చూపించలేదు.

నడిపే తీరులో రెండే పట్టించుకున్నాను. గంటకు 100 నుంచి 80 కి.మీ.కి దిగితే గాలి నిరోధం మూడో వంతుకు పైగా తగ్గుతుంది. వాలులో న్యూట్రల్ చేయకుండా గేరులోనే కాలు తీసేస్తే, ఆర్‌పీఎం ఐడిల్‌కు బాగా పైన ఉన్నంతసేపు ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి. న్యూట్రల్‌లోనైతే ఐడిల్‌కు కావాల్సిన పెట్రోలు పోతూనే ఉంటుంది.