వారం మధ్యలో వైనరీ టేస్టింగ్: తీరిక బాగుంది, సీసా సంగతి మాత్రం అడగాలి

వైన్ తయారుచేసే చోటు, అంటే దగ్గరలోని వైనరీకి రుచి చూడ్డానికి శనివారం వెళ్తే దొరకనిది, మంగళ, బుధవారాల్లో దొరికేది పోసేవాళ్ల తీరిక. కౌంటర్ దగ్గర నలుగురే ఉన్నప్పుడు ఇది ఏ తోట ద్రాక్ష, పీపాలో ఎన్ని నెలలుంది, ఈ ఏడు పులుపు ఎందుకు పెరిగింది అని అడిగితే నింపాదిగా చెప్తారు. చిన్న వైనరీ అయితే వైన్ తయారుచేసే మనిషే వచ్చి పోసినా పోస్తాడు. ఈ విషయంలో వారం మధ్య టేస్టింగ్‌కి పూర్తి మార్కులు వేయొచ్చు. దెబ్బతినేది తెరిచిన సీసాల దగ్గర.

జనం తక్కువైతే సీసా త్వరగా అయిపోదు. 30 మి.లీ. చొప్పున పోస్తే 750 మి.లీ. సీసా 25 మందికి వస్తుంది. ఆదివారం తెరిచింది మంగళవారానికి ఇంకా సగం ఉండొచ్చు. ఈలోగా గాలి తగిలి ముందు పండు వాసన పోతుంది. తర్వాత కోసి వదిలేసిన ఆపిల్ వాసన మొదలవుతుంది, ఆఖరికి వెనిగర్ ఘాటు. గ్లాసును తెల్ల కాగితం మీద వంచి అంచు చూడండి: లేత వయసు తెల్ల వైన్ గోధుమ రంగుకి తిరిగిందంటే అనుమానించాల్సిందే. అందుకే మొదట అడగాల్సింది "ఈ సీసా ఎప్పుడు తెరిచారు?" అని. తెరిచిన తేదీ సీసా మీద రాసిపెట్టే చోట, గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు నింపి దాచే చోట చాలావరకు నిశ్చింత. పోసే ముందు తామే వాసన చూసే సిబ్బంది ఉంటే ఇంకా మంచిది.

అప్పుడే తెరిచిన సీసాలోనూ తడిసిన అట్టముక్క వాసన రావచ్చు. అది కార్క్ నుంచి వచ్చే టీసీఏ అనే పదార్థం పని. లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పట్టేస్తుంది. మరీ తక్కువగా ఉంటేనే చిక్కు: చెడు వాసన తెలియదు గానీ పండు వాసన అణిగిపోయి వైన్ చప్పగా ఉంటుంది. ఈ వైన్ ఇంతేలే అనుకుని వదిలేయకండి, మొహమాటపడకుండా చెప్పండి. వేరే సీసా తెరిచి పక్కపక్కన పోస్తే తేడా వెంటనే దొరుకుతుంది. మంచి వైనరీ ఆ పని అడగకుండానే చేస్తుంది.

చలి కూడా రుచిని పాడుచేస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పోసిన తెల్ల వైన్‌లో వాసన ముడుచుకుపోయి ఉంటుంది, 8–12 డిగ్రీలకు వస్తే విచ్చుకుంటుంది. గ్లాసును రెండు అరచేతుల మధ్య కాసేపు పట్టుకుంటే చాలు. ఎర్ర వైన్‌కి 15–18 డిగ్రీలు బాగుంటాయి. అంతకన్నా చల్లబడితే వగరు నాలుకను పట్టేస్తుంది, బాగా వేడెక్కితే ఆల్కహాల్ ముందుకొచ్చి మిగతా వాసనల్ని కప్పేస్తుంది.

వరుస మామూలే: బుడగల వైన్, తెల్లవి, రోజే (గులాబీ రంగు వైన్), ఎర్రవి, చివర్లో తీపివి. గ్లాసు మార్చకపోతే నీళ్లతో కడగొద్దు. అడుగున మిగిలే నీరు 30 మి.లీ. వైన్‌ని పలచన చేస్తుంది. తర్వాతి వైన్ చుక్క వేసి తిప్పి పారబోయడం మేలు. ఐదు రకాలు 30 మి.లీ. చొప్పున తాగితే 150 మి.లీ., అంటే నిండు గ్లాసు వైన్ లోపలికి వెళ్లినట్టే. ఉమ్మే పాత్ర పెట్టింది అందుకే, అందులో ఉమ్మితే ఎవరూ తప్పుపట్టరు. బండి నడపాల్సినవాళ్లు రుచి చూసి మింగకుండా ఉమ్మాల్సిందే. సెంటు పూసుకుని వెళ్తే మీ ముక్కుతోపాటు పక్కవాళ్ల ముక్కూ పనిచేయదు.

కోతల కాలంలో మాత్రం ఈ తీరిక ఉండదు. ద్రాక్ష పండినప్పుడు ఆదివారమైనా బుధవారమైనా పని ఒకటే, అందరూ తొట్ల దగ్గరే ఉంటారు. అప్పుడు ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి. పులుస్తున్న తొట్ల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ ప్రమాదకరం కాబట్టి సెల్లార్‌లోకి రావద్దంటే బతిమాలొద్దు.

కొన్న సీసాల్ని ఎండలో ఆపిన కారులో వదలొద్దు. లోపలి వేడికి వైన్ వ్యాకోచించి కార్క్‌ని పైకి తోస్తుంది, సందులోంచి కారుతుంది, ఉడికిన పండు రుచి వస్తుంది. తిరుగుదారిలో ఇంకెక్కడైనా ఆగేట్టుంటే చల్లదనం నిలిపే పెట్టె వెంట తీసుకెళ్లండి.