నాసిక్ దగ్గర చిన్న వైనరీ: రుచికి పూర్తి మార్కులు, బసకు సగమే

నాసిక్ అనగానే మనవాళ్లకు పంచవటి, త్ర్యంబకేశ్వరం గుర్తొస్తాయి. షిర్డీ వెళ్లినవాళ్లు ఓ పూట అటు కూడా చూసుకుని వచ్చేస్తారు. ఆ ఊరి చుట్టూ ఉన్న ద్రాక్షతోటల నుంచే మన దేశపు వైన్‌లో ఎక్కువ భాగం వస్తుందని తెలిసినా, పెద్దవాళ్లు వెంట ఉంటే ఎవరూ ఆ ఊసెత్తరు. ఈసారి మా వారూ నేనూ దర్శనాలేవీ పెట్టుకోకుండా ఫిబ్రవరిలో, సరిగ్గా కోతల సీజన్‌లో, తోటల కోసమే వెళ్లాం.

మొదటిసారి వెళ్లేవాళ్లకు అందరూ చెప్పే చోటు గంగాపూర్ డ్యామ్ వైపున్న సులా. 1999లో మొదలైన వైనరీ, అంటే వైన్ తయారుచేసే చోటు అది. 2005లో అక్కడ టేస్టింగ్ రూమ్ తెరిచాకే, తోటకు వెళ్లి వైన్ రుచి చూసి రావడమనే సరదా మన దగ్గర ఊపందుకుంది. తోటలు, వాటి వెనక గోదావరి నీళ్లు, దూరంగా కొండలు... శని, ఆదివారాల్లో ముంబయి, పుణె నుంచి జనం తరలివస్తారు. ఫ్రెండ్స్‌తో వెళ్లి సందడిగా గడపాలంటే అదే సరైన చోటు. మాకు మాత్రం వైన్ చేసిన మనిషితో కూర్చుని మాట్లాడాలని ఉంది. అందుకే దిండోరి వైపు ఒక కుటుంబం నడుపుతున్న చిన్న వైనరీ చూసుకున్నాం. పేరు రాయడం లేదు, బస గురించి కింద కొంచెం ఘాటుగానే అనబోతున్నాను.

మెయిన్ రోడ్డు దిగాక మట్టిదారి. అటూ ఇటూ పందిళ్లకు వేలాడుతున్నవి చాలావరకు మనం కొనుక్కుని తినే గింజలేని ద్రాక్షే. వైన్ ద్రాక్ష వేరు. చిన్న కాయ, దళసరి తోలు, లోపల గింజలు. ఒకటి తెంపి నోట్లో వేసుకున్నాను, భలే తియ్యగా ఉంది. తోలు నమిలితే మాత్రం నాలుక మీద వగరు. రెడ్ వైన్‌కు రంగూ ఆ వగరూ తోలు నుంచే వస్తాయని, అందుకే తోలుతో సహా పులియబెడతారని, వైట్‌కైతే ముందే రసం పిండేస్తారని మమ్మల్ని తిప్పిన ఓనర్ గారు చెప్పారు.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా పట్టుకున్నది కత్తిరింపుల సంగతి. ఐరోపాలో చలికాలం తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. ఇక్కడ అంత చలి లేదు, తీగ ఏడాదంతా పెరుగుతూనే ఉంటుంది. అందుకని ఏటా రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో మొదటిది, వానలు తగ్గుముఖం పట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో రెండోది. మొదటి కత్తిరింపు తర్వాత కాపు తీసుకోరు, తీసుకుంటే వానల్లో గుత్తులు కుళ్లిపోతాయి. రెండోదాని తర్వాత వచ్చిన కాపునే జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు, అదీ ఎండ ఎక్కకముందే. నాసిక్ సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఆ నెలల్లో పగలు ఎండ కాసినా రాత్రిళ్లు చలేస్తుంది. కాయలో తీపి పెరుగుతున్నా పులుపు పూర్తిగా పోకుండా ఉండేది ఆ చలి వల్లే.

టేస్టింగ్ రూమ్ అంటే పెద్ద హంగేమీ లేదు. పాత గోడౌన్‌లో ఒక భాగం, పొడవాటి చెక్క బల్ల, పది మంది కూర్చోవచ్చు. ఆ రోజు మేం కాక ఇంకో జంట ఉన్నారు, అంతే. ముందు వైట్, తర్వాత గులాబీ రంగులో ఉండే రోజే వైన్, ఆ తర్వాత రెడ్, చివర్లో తియ్యటిది. ఒక్కోటి రెండు గుక్కలకు సరిపడా పోస్తారు. పక్కన ఉమ్మడానికి చిన్న బకెట్. మొహమాటపడక్కర్లేదు, ఆరు రకాలూ మింగేస్తే ఆరోదాని రుచి తెలియదు. కారు నడపాల్సింది మా వారు కాబట్టి ఆయనకు తోట ద్రాక్షరసం ఇచ్చారు, అడగకుండానే.

వైట్‌లలో సావిన్యోన్ బ్లాంక్ అనే రకం అదిరింది. గ్లాసు ముక్కు దగ్గరికి తేగానే అప్పుడే కోసిన క్యాప్సికమ్ వాసన, తాగితే నిమ్మకాయ లాంటి పులుపు. ఇంకో వైట్ షెనిన్ బ్లాంక్ మెత్తగా, కొత్తవాళ్లకు ఇబ్బంది లేకుండా ఉంది. రోజే వైన్ పర్వాలేదు. కాబర్నే అనే రెడ్‌లో, దాన్ని నిల్వ ఉంచిన పీపా చెక్క వాసన తప్ప ద్రాక్ష జాడే తెలియలేదు. ఆ మాట ఆయనతోనే అంటే, "ఆ ఏడాది కొత్త పీపాలు మేడమ్, ఇంకో రెండేళ్లు ఆగితే సర్దుకుంటుంది" అన్నారు. సర్దుకుంటుందో లేదో గానీ, బాధపడకుండా జవాబు చెప్పడం నచ్చింది. సర్వీసులో నేను మార్కులు తగ్గించేది ఒక్క చోటే. అన్నిటికీ ఒకే గ్లాసు. కనీసం రెడ్ మొదలుపెట్టేటప్పుడైనా మార్చాల్సింది.

తర్వాత మమ్మల్ని వెనక గదిలోకి తీసుకెళ్లారు. చల్లగా, చీకటిగా ఉంది, ఓక్ పీపాలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. ఒక్కోటి 225 లీటర్లు. ఆయన ఒకదాని బిరడా పీకి, పొడవాటి గాజు గొట్టం లోపలికి దించి, పైరంధ్రం బొటనవేలితో మూసి పైకి లాగారు. వేలు కాస్త వదలగానే ముదురు ఊదా రంగు షిరాజ్ అనే రెడ్ వైన్ నా గ్లాసులోకి జారింది. ఇంకా బాటిల్‌కు ఎక్కని వైన్, వగరు గట్టిగానే ఉంది, వెనకాలే మిరియాల వాసన. పీపాలోది చెక్క గుండా కొంచెం కొంచెంగా ఆవిరైపోతుందట. ఖాళీ ఏర్పడితే గాలి చేరి వైన్ పాడవుతుందని ఎప్పటికప్పుడు నింపుతూ ఉంటారు. మా గ్లాసుల్లోకి తీసినంతా మళ్లీ నింపి, బిరడా బిగించాకే అక్కణ్నుంచి కదిలారు.

ఇక బస. తోట పక్కనే రెండు కాటేజీలున్నాయి. ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉన్నాయి, పొద్దున్నే వరండాలోంచి తోట చూడ్డానికి నిజంగానే బాగుంది కూడా. కానీ రాత్రి కరెంటు పోతే జనరేటర్ వైనరీ ట్యాంకుల కూలింగ్‌కే గానీ కాటేజీలకు కాదు. వైన్ కోణంలో అది న్యాయమే, దోమల కోణంలో కాదు. వేడినీళ్లు బకెట్లో తెచ్చిచ్చారు. భోజనం మధ్యాహ్నమే చెప్పాలి, చెప్పినా ఒకే కూర. చుట్టుపక్కల హోటల్ లేదు, ఆటో అసలే రాదు. ఇంత ఇబ్బందికి వాళ్లు తీసుకున్న అద్దె ఎక్కువే. నా సలహా అడిగితే నాసిక్‌లో గది తీసుకుని, రోజంతటికీ కారు మాట్లాడుకోండి. క్యాబ్‌లో వెళ్లి దిగిపోతే తిరుగు బండి దొరకదు.

టేస్టింగ్‌కు కట్టిన డబ్బును బాటిళ్ల బిల్లులో తగ్గించారు కాబట్టి రెండు సావిన్యోన్ బ్లాంక్ కొన్నాం. విమానంలో వచ్చేవాళ్లు వాటిని చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి. 21 ఏళ్లు నిండనివాళ్లకు పొయ్యరు, వయసు చిన్నగా కనిపిస్తే ఆధార్ అడుగుతారు. జనవరి చివర్లో ప్లాన్ చేసుకుంటే 26 డ్రై డే అని మర్చిపోవద్దు. వెళ్లేముందు ఫోన్ చేసి, ఆ రోజు ద్రాక్ష కోత ఉందా అని అడగండి. ఉందంటే పొద్దున ఏడింటికల్లా అక్కడుండేలా బయల్దేరండి, టేస్టింగ్ ఎలాగూ పదకొండు దాకా మొదలుకాదు.