తిరుపతిలో మోసపోయి చిత్తూరులో తేలాను: పాత పానాల కోసం రెండు రోజులు

ముందే చెప్పేస్తున్నా, ఇది దర్శనం యాత్ర కాదు, పానాల యాత్ర, అంటే నట్లు విప్పే స్పానర్ల కోసం. మద్రాసులో మా బావమరిది దగ్గర 1948 నాటి ఎంజీ టీసీ అనే బ్రిటిష్ కారు ఉంది, బండి బాగానే నడుస్తుంది కానీ కంపెనీ ఇచ్చిన టూల్స్ ఒక్కటీ లేవు. వాటిని ఏరే పిచ్చి నాది.

విజయవాడ నుంచి రాత్రి రైలెక్కి పొద్దున్నే తిరుపతిలో దిగాను. శ్రీనివాసం అనే టీటీడీ వసతి గృహం దగ్గర క్యూ చూసి అటునుంచి అటే వెనక్కి తిరిగాను. గోవిందరాజస్వామి గుడి పక్క వీధుల్లో రెండు లాడ్జీల వాళ్లు ‘ఒక్కరేనా? సింగిల్‌కి రూమ్ ఇవ్వం’ అనేశారు. మూడోచోట 1,400కి ఇచ్చారు. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు మాత్రం ఎనిమిదింటికే బంద్.

ఇక అసలు సంగతి. ఫోన్లో ఫొటోలు పంపి ఊరించిన పాత సామాన్ల వ్యాపారి ఒకాయన అద్దంలా మెరిసే ఐదు పానాలు ముందు పెట్టి, ‘చూడండి సార్, అబింగ్డన్ అని ముద్ర, ఎంజీ ఫ్యాక్టరీ ఉన్న ఊరే కదా’ అన్నాడు. ఎంజీ కార్లు ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైన మాట నిజమే, అందుకే టెంప్ట్ అయిపోయి 4,500 ఇచ్చేశాను. గదికొచ్చి ఫ్యాన్ కింద కూర్చున్నాక వెలిగింది, అబింగ్డన్ కింగ్ డిక్ అనేది బర్మింగ్‌హామ్‌లోని పానాల కంపెనీ పేరు, ఆ ఊరికీ ఈ ముద్రకీ సంబంధం లేదు! పైగా బఫింగ్ కొట్టి అసలు పూతంతా లేపేశాడు. వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పరికరం) పెట్టి చూస్తే 1/4 విట్‌వర్త్ (పాత బ్రిటిష్ అంగుళాల కొలత) పానా నోరు 13.3 మిల్లీమీటర్లకి బదులు 14 దాటింది, అంటే అరిగిపోయిన సరుకు. ఈ 1/4 అంగుళం అనేది నోటి కొలత కాదు, బోల్టు మందం, కొత్తవాళ్లు మొదట తప్పేది ఇక్కడే. మన 13 మిల్లీమీటర్ల పానా ఆ నట్టుకి ఎక్కదు, 14 పెడితే జారి మూలలు తినేస్తుంది. టీసీ ఇంజిన్‌లో ఇంకో తిరకాసు ఏంటంటే మరలు మెట్రిక్ (మిల్లీమీటర్ల లెక్క), నట్టు తలలు విట్‌వర్త్.

మర్నాడు ఆర్టీసీ బస్సులో చిత్తూరు. 70 కిలోమీటర్లు, రెండు గంటలు పట్టింది, సీటు దొరికింది, అంతకన్నా ఏం కావాలి. అక్కడ పాత ఇనుప కొట్టు పెద్దాయన తెలుగు, అరవం కలిపి మాట్లాడుతూ గోనెసంచి బోర్లించి ‘ఏరుకో నాయనా, తూకమే’ అన్నాడు. మూడు గంటలు నేలమీదే కూర్చున్నా. తుప్పు కింద ముద్ర చెక్కుచెదరని విట్‌వర్త్ పానాలు నాలుగు దొరికాయి, కిలో 120 లెక్కన. మెరుపు కన్నా ఇలాంటి తుప్పే నయం, కిరసనాయిల్లో నానబెడితే అక్షరాలు చక్కగా తేలతాయి.

అడుగున థార్ అనే సుత్తుల కంపెనీ ముద్రతో సుత్తి, ఒకవైపు రాగి, ఇంకోవైపు తోలు, పిడి విరిగింది. ఆ కారు చక్రాల మధ్యలో ఉండే రెక్కల నట్టుని నొక్కు పడకుండా కొట్టి విప్పడానికి ఇలాంటిదే కావాలి. నా మొహం వెలిగిపోవడం ఆయన చూసేశాడేమో, ‘ఇది రాగి నాయనా, దీని రేటు వేరే’ అని తూకంలో పెట్టాడు. తోలుకి కూడా రాగి రేటు కట్టించుకున్నాడు! బేరమాడలేదు, ఆడినా వినే మనిషిలా లేడు.

మధ్యాహ్నం పక్క హోటల్లో రాగి సంగటి, కోడి పులుసు తిన్నాను. తిరుపతిలో ముందురోజు తిన్న భోజనం ఊసెత్తను.

వెళ్లేవాళ్లు తిరుపతిలో పడుకోండి, కొనడం మాత్రం చిత్తూరులో పెట్టుకోండి, వెర్నియర్ మర్చిపోవద్దు. పెద్దాయన దగ్గర పాత గ్రీజు గన్ ఒకటి ఉందట, అటక మీద నుంచి దించాలట. ‘కాణిపాకం బ్రహ్మోత్సవాలు అయినాక రా, అంతవరకూ బస్సుల్లో కాలు పెట్టలేవు’ అన్నాడు. ఫోన్ నంబర్ అడిగితే తన దగ్గర ఫోన్ లేదన్నాడు.