ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ: ఇక్కడా, అమెరికాలోనా?

ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక నక్షత్రాల మీద పరిశోధన చేద్దామనుకునే మన పిల్లలకు మొదట ఎదురయ్యే తలనొప్పి ఇదే. నా ఓటు మాత్రం పీహెచ్‌డీ ఇక్కడ, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) బయట.

సీటు సంగతికొస్తే ఇక్కడ జెస్ట్ లాంటి ప్రవేశ పరీక్ష, ఆపైన ఇంటర్వ్యూ. అక్కడ సిఫారసు లేఖలు, అంతకుముందు చేసిన ప్రాజెక్టులు చూస్తారు, దరఖాస్తు ఫీజులకే జేబు ఖాళీ. డబ్బు విషయంలో ఇక్కడ జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత 42,000. అమెరికా స్టైపెండ్‌ను రూపాయల్లోకి మార్చి మురిసిపోకండి, అద్దె కట్టేది డాలర్లలోనే. కాలం రెండు చోట్లా దాదాపు ఐదారేళ్ళు.

అసలు తేడా టెలిస్కోపులదగ్గర వస్తుంది. హవాయిలోని కెక్ అబ్జర్వేటరీలో ఉన్న రెండు 10 మీటర్ల అద్దాల టెలిస్కోపులు కాల్‌టెక్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల వాళ్ళకు సొంతింటి వ్యవహారం, కానీ అమెరికాలో ప్రతి యూనివర్సిటీకీ ఆ భాగ్యం లేదు. ఇక్కడ రేడియో ఖగోళశాస్త్రం వైపు వెళితే పుణే దగ్గర 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్న జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోప్ ఉంది, అది ప్రపంచస్థాయిదే. లడఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల టెలిస్కోప్‌నైతే బెంగళూరు పక్కన హోస్కోటెలో కూర్చునే నడుపుతారు. సంధ్యవెలుగులో ఫ్లాట్లు (కెమెరా తేడాలు సరిదిద్దడానికి తీసే ఫొటోలు) తీసుకుని, ఫోకస్ సరిచూసుకుని, తీరా మబ్బు కమ్మితే టీ తాగుతూ స్క్రీన్ చూస్తూ కూర్చోవడమే, అయినా తెల్లారాక బస్సెక్కి రూముకెళ్ళి పడుకోవచ్చు.

హైదరాబాద్‌లో పెరిగిన ఖగోళశాస్త్రవేత్త వేణు బాపు హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేసి 1953లో తిరిగొచ్చారు, తర్వాత తమిళనాడులో కావలూరు అబ్జర్వేటరీని నిలబెట్టారు. అప్పట్లో ఇక్కడ ఇన్ని దారులు లేవు మరి.

ఇక సొంత జీవితం. పోస్ట్‌డాక్ అంటే రెండు మూడేళ్ళకో ఊరు, కొన్నిసార్లు దేశం కూడా మారుతుంది, భార్యాభర్తలిద్దరూ పరిశోధకులైతే ఒకే ఊళ్ళో ఉద్యోగాలు దొరకడం గగనం. ఇక్కడ ఫ్యాకల్టీ పోస్టుకు విదేశీ పోస్ట్‌డాక్ అనుభవం సాధారణంగా చూస్తారు కాబట్టి ఆ తిరుగుడు ఎలాగూ తప్పదు. అలాంటప్పుడు ఇరవైల్లో ఆ ఐదేళ్ళయినా అమ్మానాన్నలకు రాత్రి రైలెక్కితే చేరేంత దూరంలో ఉండటం చిన్న విషయమేం కాదు, "ఇంకా చదువేనా, పెళ్ళెప్పుడు?" అని ఎదురుగానే అడుగుతారనుకోండి, అది వేరే సంగతి.

పరికరాలు తయారుచేయాలనే పిచ్చి ఉండి, కాల్‌టెక్ లాంటి చోట సీటు వస్తే మాత్రం నా ఓటు పక్కనపెట్టి ఎక్కండి విమానం.