లినక్స్ కెర్నల్ 5.15: పాత ఐడీఈ డ్రైవర్లు పోయాక

40 పిన్నుల వెడల్పాటి ఐడీఈ (డిస్కులను తగిలించే పాత పద్ధతి) కేబుల్‌తో హార్డ్ డిస్కు తగిలించి ఉన్న పాత డెస్క్‌టాప్‌లో, లినక్స్ కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగాన్ని) స్వయంగా కంపైల్ చేసుకునే, అంటే సోర్స్ కోడ్ నుంచి తయారుచేసుకునే అలవాటు కొద్దీ 5.10 నుంచి 5.15కి మారాను. అలాంటి డిస్కులను నడిపే కోడ్ అయిన పాత ఐడీఈ డ్రైవర్లను 2021లో, 5.14 విడుదలలో తొలగించారు కనుక, అవి లేకుండా వెలువడిన మొదటి దీర్ఘకాలిక మద్దతు విడుదల ఇదే.

తొలగింపు తప్పని నేను అనను. ఇవే కంట్రోలర్లను (డిస్కులను అదుపు చేసే చిప్‌లను) నడిపే, లిబ్‌ఏటీఏ అనే కొత్త తరహా డ్రైవర్లు 2006 నుంచీ కెర్నల్‌లో ఉన్నాయి. ఒకే పరికరానికి రెండు డ్రైవర్లను మోస్తూ, బ్లాక్ లేయర్‌లో (డిస్కుల చదవడం, రాయడం చూసుకునే కెర్నల్ భాగంలో) ఏ మార్పు చేసినా రెండుచోట్లా సరిదిద్దుకోవలసి రావడం నిర్వాహకులకు వృథా శ్రమ. పైగా 2021లో దీన్ని తీసేస్తామనీ లిబ్‌ఏటీఏకు మారమనీ పాత డ్రైవర్ బూట్ లాగ్‌లో ముందే హెచ్చరించేది. చూసీ చూడనట్టు వదిలేసింది నేనే.

నాకు నచ్చనిది మారే దారి. కెర్నల్‌లో ఏవి ఉండాలో రాసిన పాత కాన్ఫిగ్ ఫైలుతో మేక్ ఓల్డ్‌కాన్ఫిగ్ (పాత ఎంపికలను అలాగే ఉంచి, కొత్తవాటి గురించే అడిగే ఆదేశం) నడిపితే, ఉనికిలో లేని ఐడీఈ ఆప్షన్లు చప్పుడు లేకుండా మాయమవుతాయి. లిబ్‌ఏటీఏ వద్దని ఏనాడో రాసి ఉన్న పంక్తి మాత్రం అలాగే నిలుస్తుంది గనుక, దాని గురించి ప్రశ్నే రాదు. కంపైల్ సాఫీగా ముగిసింది. రీబూట్ చేస్తే, రూట్ ఫైల్‌సిస్టమ్‌ను (సిస్టమ్ ఫైళ్లున్న డిస్కు భాగాన్ని) మౌంట్ చేయలేనంటూ కెర్నల్ ప్యానిక్, అంటే కెర్నల్ అక్కడికక్కడే ఆగిపోయింది. లిబ్‌ఏటీఏనూ, చిప్‌సెట్‌కు తగిన పాటా (ఐడీఈకే మరో పేరు) డ్రైవర్‌నూ చేర్చాక కూడా అదే ప్యానిక్. ఎందుకంటే లిబ్‌ఏటీఏ డిస్కులను స్కజీ (మరో రకం డిస్కుల పద్ధతి) కోసం కెర్నల్‌లో ఉన్న పొర ద్వారా చూపిస్తుంది, స్కజీ డిస్కు ఆప్షన్‌ను విడిగా ఎంచుకోవాలి. అదీ పెట్టి, బూట్‌లోడర్‌లోనూ ఎఫ్ఎస్‌ట్యాబ్‌లోనూ (ఏ డిస్కు భాగాన్ని ఎక్కడ మౌంట్ చేయాలో రాసిన ఫైలు) డిస్కు భాగానికి పాత పేరైన హెచ్‌డీఏ1 ఉన్నచోటల్లా కొత్త పేరు ఎస్‌డీఏ1 అని దిద్దాకే యంత్రం లేచింది.

ఆ తర్వాత ఫిర్యాదు లేదు. డీఎంఏను (ప్రాసెసర్‌పై భారం లేకుండా డిస్కు నుంచి నేరుగా మెమరీకి డేటా పంపే పద్ధతిని) ఆన్ చేయడానికి స్టార్టప్ స్క్రిప్టులో ఏళ్లుగా ఉంచుకున్న హెచ్‌డీపార్మ్ (డిస్కు సెట్టింగులు మార్చే పనిముట్టు) ఆదేశం ఇప్పుడు ఎర్రర్ ఇస్తుంది. డ్రైవరే తగిన వేగాన్ని కుదుర్చుకుంటుంది కాబట్టి ఆ పంక్తిని తీసేశాను.

డిస్ట్రిబ్యూషన్ (ఉబుంటు, డెబియన్ లాంటి సిద్ధం చేసిన లినక్స్) ఇచ్చే కెర్నల్‌నే వాడేవారికి ఈ తొలగింపు జరిగిన సంగతే తెలియదు, ఎందుకంటే పెద్ద డిస్ట్రిబ్యూషన్లు ఎప్పుడో లిబ్‌ఏటీఏకు మారిపోయాయి. సొంతంగా కంపైల్ చేసుకునేవారు మాత్రం 5.10లో ఉండగానే, పాత డ్రైవర్ ఇంకా చేతిలో ఉన్నప్పుడే, లిబ్‌ఏటీఏతో ఒకసారి బూట్ చేసి చూసుకుని ఆపైన 5.15కి వెళ్లడం మేలు.