క్యాసియో ఎఫ్ఎక్స్-991 ఎంఎస్: బాబాయి జేబులో ఉండే కాలిక్యులేటర్

మా మేనల్లుడు బీటెక్‌లో చేరాడు. "మామయ్యా, ఏ కాలిక్యులేటర్ కొనమంటావ్?" అని ఫోన్ చేస్తే క్యాసియో ఎఫ్ఎక్స్-991 ఎంఎస్ అని చెప్పి, పోయిన ఆదివారం వాణ్ణి వెంటబెట్టుకుని గుంటూరు బ్రాడీపేట వెళ్లి నేనే కొనిపెట్టాను. అదే మోడల్ పాతది ఒకటి నా బల్ల సొరుగులో ఉంది. అది నాది కాదు, బాబాయిది. ఈ వస్తువు గురించి రాయాలంటే ముందు ఆయన గురించి రాయాలి, ఎందుకంటే దీన్ని వాడటం నాకు నేర్పింది ఆయనే.

బాబాయి అంటే చుట్టరికం ఏమీ లేదు. 2009లో నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాసుకుంటూ దూరవిద్యలో బీఎస్సీకి కట్టాను. ఆదివారం క్లాసుల్లో నా పక్కన కూర్చునేవాడు ఆయన. ఊరు పొన్నూరు వైపు. పదో తరగతి కాగానే సైన్యంలో చేరి, ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, బోఫోర్స్ గన్ మీద పనిచేసి, 1999లో కార్గిల్ యుద్ధమప్పుడు ద్రాస్‌లో ఉండి, హవల్దారుగా రిటైరై వచ్చి గుంటూరులో ఒక బ్యాంకు దగ్గర సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నాడు. పదిహేనేళ్ల సర్వీసు ఉన్న మాజీ సైనికుడు పదో తరగతి పాసై ఉంటే చాలు, డిగ్రీ అడిగే గ్రూప్-సి ఉద్యోగాలకి కూడా అర్హుడిగా తీసుకోవచ్చని కేంద్ర ప్రభుత్వ నిబంధనే ఉంది, అంటే ఉద్యోగం కోసమైతే ఆయనకి ఈ చదువుతో పనే లేదు. మరెందుకు బాబాయ్ అని అడిగితే, "పట్టికలో అంకె చూసి గన్ తిప్పేవాళ్లం రా, ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోకుండా పోతే ఎట్లా" అన్నాడు.

ఇక కాలిక్యులేటర్ సంగతి. ఈ మోడల్లో నాకు బాగా నచ్చింది కాన్‌స్టాంట్స్ సౌకర్యం. ఫిజిక్సులో పదేపదే వాడే 40 స్థిరాంకాలు లోపలే ఉంటాయి, కాన్‌స్ట్ బటన్ నొక్కి 28 కొడితే కాంతి వేగం, 35 కొడితే జీ, అంటే భూమ్యాకర్షణ త్వరణం, విలువ వచ్చేస్తాయి. తెర రెండు వరసలుగా ఉంటుంది, పైన మనం కొట్టింది, కింద జవాబు, కాబట్టి తప్పు ఎక్కడ కొట్టామో వెనక్కి వెళ్లి దిద్దుకోవచ్చు. భిన్నాలు పుస్తకంలో ఉన్నట్టే కనపడాలంటే మాత్రం ఈఎస్ మోడల్ చూసుకోండి.

అందరూ తప్పు చేసేది ఒక్కచోటే, కోణాన్ని కొలిచే రెండు కొలతలు, డిగ్రీ, రేడియన్ దగ్గర. మాకు ప్రొజెక్టైల్, అంటే విసిరిన వస్తువు ఎలా పోతుందనే పాఠం జరిగిన రోజు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. సెకనుకి 800 మీటర్ల వేగంతో 45 డిగ్రీల కోణంలో వదిలిన గుండు ఎంత దూరం పోతుందో కట్టమన్నారు. 800 స్క్వేర్‌ని, కోణాన్ని రెట్టింపు చేసి, సైన్ 90తో గుణించి జీతో భాగించాలి. నాకు 58 కిలోమీటర్ల చిల్లర వచ్చింది, బాబాయికి 65 కిలోమీటర్ల పైన. నా మెషీన్ రేడియన్‌లో ఉంది. ఆయన తెర పైనున్న చిన్న అక్షరం మీద గోరు పెట్టి చూపించాడు, "అబ్బాయ్, ముందు ఇక్కడ డి ఉందో లేదో చూసుకో, ఆ తర్వాతే వేలు ఆడించు."

సరైన జవాబు వచ్చినా ఆయన ఊరుకోలేదు. లేచి నిలబడి, "సార్, గన్ నోట్లోంచి గుండు ఇంచుమించు ఇంతే వేగంతో వెళ్తుంది, కానీ మైదానంలో ముప్పై కిలోమీటర్లు దాటించలేం" అన్నాడు. గాలి నిరోధాన్ని వదిలేశాం అని సార్ చెప్తే, "మేం గాలిని వదిలేస్తే గుండు మనవాళ్ల మీదే పడుతుంది సార్" అన్నాడు. క్లాసంతా నిశ్శబ్దం. సార్ ఆయన్ని బోర్డు దగ్గరికి పిలిచి చాక్‌పీస్ చేతికిచ్చాడు. పది వేల అడుగులకు పైన ఉన్న ద్రాస్‌లో గాలి పలచన, మన గుంటూరు గాలితో పోలిస్తే ముప్పావు వంతు కూడా ఉండదు, అందుకే గుండు అక్కడ ఇంకా దూరం పోతుంది, కింద మైదానాలకు కట్టిన పట్టికలు పైన సరిపోవు అని బొమ్మ గీసి చెప్పాడు. అదే గాలి వల్ల అక్కడ నీళ్లు 89 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయట, కుక్కర్ లేకపోతే అన్నం పలుకే. నేను చదివిన చదువులో అంత బాగా బుర్రకెక్కిన పాఠం ఇంకోటి లేదు.

రేడియన్ అంటే మా అందరికీ టెన్షన్, ఆయనకి మాత్రం తేలిక. గన్నర్లు కోణాన్ని డిగ్రీల్లో కొలవరు, మిల్స్‌లో కొలుస్తారు, చుట్టూ తిరిగితే 6400 మిల్స్. ఒక మిల్ అంటే కిలోమీటరు దూరంలో సుమారు ఒక మీటరు వెడల్పు. రేడియన్‌ని వెయ్యి ముక్కలు చేస్తే ఒక్కో ముక్క దాదాపు అంతే, చుట్టూ తిరిగితే 6.283 రేడియన్లు కాబట్టి ఆ లెక్కన 6283 రావాలి, చేత్తో లెక్కకి సులువుగా ఉంటుందని 6400గా పెట్టుకున్నారు. ఆ సంగతి కాలిక్యులేటర్ మీద కొట్టి తేల్చుకున్న రోజు ఆయన మొహం చూడాల్సింది. ఇన్నేళ్లు తన చేతుల్లో ఉన్నది రేడియనే అని తెలిసి, సాయంత్రం శంకర్ విలాస్ సెంటర్ దాకా నడుస్తూ అదే మాట చెప్పాడు.

ఈక్వల్ నొక్కే ముందు ప్రతి అంకెనీ పైకి చదివేవాడు. గన్ దగ్గర ఆర్డర్ వినగానే తిరిగి పైకి చెప్పాలట, ఆ అలవాటు. పరీక్ష హాల్లో మాత్రం పెదాలు కదిపేవాడు. ఒక ఫిజిక్స్ పేపర్ రెండుసార్లు పోయింది, మూడోసారి గట్టెక్కి 2013లో డిగ్రీ చేతికి తెచ్చుకున్నాడు.

కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. నేను అప్పట్లో మొదట కొన్నది ఒక కొట్లో చవగ్గా వచ్చిందని తీసుకుంటే నకిలీ అని తేలింది, సోలార్ పలక ఉత్త అలంకారం. బిల్లు, వారంటీ కార్డు ఇచ్చే చోటే కొనండి.  ఈఏపీసెట్ (పాత పేరు ఎంసెట్) పిల్లలకి అవసరం లేదు, ఆ పరీక్షకి కాలిక్యులేటర్ తీసుకెళ్లనివ్వరు. డిగ్రీ, బీటెక్ పిల్లలకీ, ముఖ్యంగా నలభై దాటాక మళ్లీ పుస్తకం పట్టినవాళ్లకీ ఇది కొనమంటాను, బటన్లు పెద్దవి, అంకెలు స్పష్టం. ఐదుకి ఐదు.

బాబాయి కిందటేడు మాఘమాసంలో పోయాడు. దినం రోజు వాళ్లబ్బాయి ఈ కాలిక్యులేటర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. బటన్ సెల్ మార్పించాను, పనిచేస్తోంది. మూత లోపల తెల్ల ప్లాస్టర్ అంటించి పెన్నుతో ఆయన రాసుకున్న 6400, దాని కింద 6283 ఇంకా చెరగలేదు.